చెర వీడాక మొదలయ్యే కథ: సస్పెన్స్ నవల రాయదలచిన వారికి

ఏళ్ల తరబడి బందీగా ఉండి బయటపడిన మనిషి గురించి సస్పెన్స్ నవల రాయబూనినవారు, తప్పించుకునే ఘట్టాన్ని ఎక్కడ ఉంచాలో ముందుగా తేల్చుకోవాలి. దానిని చివరి దాకా దాచిపెడితే అది చెరను గురించిన నవల అవుతుంది. మళ్లీ బతకడాన్ని గురించి రాయాలంటే ఆ ఘట్టం తొలి అధ్యాయంలోనే ముగిసిపోవాలి, దానికి ఆర్భాటమూ అక్కరలేదు. 1998లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పదేళ్ల వయసులో అపహరణకు గురైన నటాషా కాంపుష్, 2006 ఆగస్టులో కారు లోపలి దుమ్మును వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేస్తుండగా, అపహర్త ఫోన్ మాట్లాడుతూ పక్కకు జరిగిన అదను చూసి పరుగెత్తి బయటపడ్డారు. ఎనిమిదేళ్ల నిర్బంధం ఒక మామూలు ఇంటిపని మధ్యలో ముగిసింది.

అక్కడి నుంచి పాఠకుడిని పట్టి ఉంచేదేమిటి? అపహర్త మళ్లీ వస్తాడేమోనన్న భయం అందరికీ తోచేదే కనుక దానిని పొదుపుగా వాడుకోవడం మేలు. తలుపు తెరిచే ఉన్నా కథానాయిక ఎందుకు గడప దాటడం లేదు, దిండు కింద రొట్టెముక్కలు ఎందుకు దాచుకుంటోంది, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ఒక ఏడాదిని మాత్రం ఎందుకు దాటవేసింది అన్న ప్రశ్నలు అంతకన్నా దూరం నడిపిస్తాయి.

ఈ దాపరికమే నవలకు ఆయువుపట్టు కాబట్టి దానిని నిజాయితీగా నిర్వహించాలి. ఆమె మౌనానికి ఆమెలోనే కారణం ఉండాలి: అక్కడ ఇంకొకరు మిగిలి ఉండవచ్చు, తాను చేసిన పని ఏదో ఇంట్లోవాళ్లు భరించలేరని అనుకొని ఉండవచ్చు, లేదా బంధించినవాడి మీద తనకున్న భావం ఏమిటో తనకే తెలియకపోవచ్చు. ఈ చివరిదాని దగ్గర చాలామంది, బందీ తనను బంధించినవాడి పట్ల మమకారం పెంచుకోవడాన్ని సూచించే ‘స్టాక్‌హోమ్ సిండ్రోమ్’ అనే పేరు తగిలించి ఊరుకుంటారు. 1973లో స్టాక్‌హోమ్‌లోని ఒక బ్యాంకులో ఆరు రోజులపాటు సాగిన నిర్బంధం నుంచి పుట్టిన ఆ మాటకు మనోవైద్య నిర్ధారణ పట్టికల్లో స్థానం లేదు, నవలలో అది దేనినీ వివరించదు కూడా. బంధించినవాడి అడుగుల చప్పుడును బట్టి ఆనాటి కోపతాపాలను పసిగట్టడం ఆమె ప్రాణాలతో ఉండటానికి నేర్చిన విద్య అని చూపితే చాలు. అదే విద్యతో బయటికి వచ్చాక విచారణాధికారి మనసును, ఆయన ఆమెను చదవగలిగిన దానికన్నా ముందే ఆమె చదివేస్తుంది. అయితే ఎక్కడో ఒకచోట, నిజంగా మేలు కోరిన మనిషిని తప్పుగా అంచనా వేస్తుంది. ఆ పొరపాటు మీద నవల మధ్యభాగం మొత్తాన్ని నిలబెట్టవచ్చు.

ఉత్తమ పురుషలో రాస్తూ, కథకురాలికి మొదటి నుంచీ తెలిసిన సంగతిని చివరి పుటల దాకా దాచితే పాఠకుడు మోసపోయానని భావిస్తాడు. ఆమె చేతనే ‘ఆ సంగతి ఇప్పుడు చెప్పను’ అనిపించవచ్చు, లేకపోతే ప్రథమ పురుషలో ఆమెను అంటిపెట్టుకొని నడుస్తూ, మధ్యమధ్య వాంగ్మూలాలను యథాతథంగా పెట్టి, రెండింటికీ మధ్య ఉన్న తేడాను పాఠకుడికే వదిలేయవచ్చు. నా మటుకు రెండో పద్ధతే నచ్చుతుంది.

గతాన్ని వరుస ఫ్లాష్‌బ్యాక్ అధ్యాయాలుగా చెప్పకూడదు. భీతావహ జ్ఞాపకాలు తేదీల క్రమంలో రావు, వాసనతోనో చప్పుడుతోనో ముక్కలుగా తోసుకొస్తాయి. చెరలో గడిచిన కాలాన్నంతా రచయిత తన కోసం క్రమంగా రాసుకొని, నవలలోకి మాత్రం వర్తమానంలో ఏదో ఒక నిర్ణయాన్ని మార్చే ముక్కలనే అనుమతించాలి. హింసను సవివరంగా వర్ణించవలసిన అవసరం దాదాపు ఎన్నడూ రాదు.

బయటి ప్రపంచం మారిన తీరును చిన్న అడ్డంకులతో చూపాలి. 1998లో మాయమై 2006లో తిరిగివచ్చిన ఆస్ట్రియా మనిషికి షిల్లింగులు పోయి యూరోలు చేతికి వస్తాయి, ఎందుకంటే 2002లోనే నాణేలూ నోట్లూ మారిపోయాయి. ఏడేళ్లపాటు ఆచూకీ లేనివారిని మరణించినట్టు భావించే నిబంధన పలు దేశాల చట్టాల్లో ఉంది. కాగితాల మీద చనిపోయిన మనిషి, తన ఆస్తి ఎవరికి దక్కిందో ఆరా తీయడం మొదలుపెడితే ఇంట్లోనే అనుమానితులు పుట్టుకొస్తారు.

నిర్మాణానికి మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వివరించిన మూడు దశలు పనికివస్తాయి: భద్రత, జ్ఞప్తికి తెచ్చుకొని దుఃఖించడం, తిరిగి లోకంతో కలవడం. కాని వాటిని సోపానాల్లా ఎక్కించకూడదు, మూడో భాగంలో ఒక్క ఫోన్ మోత ఆమెను మొదటి దశకు నెట్టివేయగలగాలి.

ముగింపులో తీర్పు కోర్టుదైనా నిర్ణయం ఆమెదే కావాలి. తనను బంధించిన ఇల్లు చివరికి కాంపుష్‌కే సొంతమైంది. అలాంటి ఇంటిని కూల్చాలా, అమ్మాలా, తాళం వేసి ఉంచాలా అన్నంత స్పష్టమైన ఎంపికను కథానాయిక ముందు పెట్టాలి. చిత్తుప్రతి పూర్తయ్యాక, బాధితులతో పనిచేసే కౌన్సెలర్ ఒకరి చేత దానిని చదివించాలి, నిజ సంఘటన నుంచి ఏదైనా తీసుకుని ఉంటే బాధితులను గుర్తుపట్టించే వివరాలన్నీ మార్చిన తరువాతే ప్రచురణకర్తకు పంపాలి.