యుద్ధ చిత్రాల్లో పోయిన సన్నివేశాలు: సమస్య - పరిష్కారం

అమలాపురంలో మా పెదనాన్నగారి చెక్క పెట్టె నిండా వీడియో క్యాసెట్లే, సగానికి పైగా యుద్ధ చిత్రాలు. "నేను చూసినప్పుడు ఈ ముక్క ఉంది, నీ డిస్కులో లేదు" అని ఆయన అన్నప్పుడల్లా నేను వెతుకుతూ వచ్చాను. ఆ వెతుకులాటలో, పాత క్యాసెట్లలో దొరికిన ముక్కలను డిస్కు కాపీలో చేర్చేటప్పుడు ఎదురైన చిక్కులు ఇవి. ఇదంతా కొనుక్కున్న డిస్కులతో, ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే చేసే పని.

డిస్కు నిడివి తక్కువగా ఉంది

తక్కువైనంత మాత్రాన కోత పడినట్టు కాదు. పాల్ (మన దేశంలోనూ వాడిన టీవీ ప్రసార పద్ధతి) డీవీడీలో సెకనుకు 24 ఫ్రేముల సినిమా 25 ఫ్రేములతో నడుస్తుంది. గంటకు 2 నిమిషాల 24 సెకన్లు తగ్గిపోతాయి. 1962లో తొలి ప్రదర్శన నాటికి 222 నిమిషాలున్న ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ను ఒక్క ఫ్రేము తీయకుండా ఇలా ఎక్కించినా 213 నిమిషాలే వస్తుంది. గొంతులు కాస్త సన్నగా వినిపిస్తే కారణం ఇదే కావచ్చు.

మన చిత్రాలకు ఇంకా గట్టి ఆధారం ఉంది. ‘బొబ్బిలి యుద్ధం’ (1964) లాంటి పాత చిత్రం డిస్కులో మొదట సెన్సార్ సర్టిఫికెట్ మిగిలి ఉంటే, అక్కడ ఆపి పొడవు చదవండి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్‌లో 4,500 మీటర్లని ఉంటే 164 నిమిషాలు రావాలి. పాల్ వేగం వల్ల తగ్గినా 157 ఉండాలి. 140 దగ్గరే అయిపోతే కోత నిజమే.

ముక్క దొరికింది, చేర్చాలా వద్దా?

నేను ఎక్కువ సేపు ఆలోచించేది ఇక్కడే. విడుదలయ్యాక కత్తిరించిన సన్నివేశం వేరు, దర్శకుడు తానే వద్దనుకుని పక్కన పెట్టినది వేరు. ‘లారెన్స్’ మొదటి రకం. 1989లో రాబర్ట్ హారిస్ దాన్ని పునరుద్ధరించినప్పుడు దర్శకుడు డేవిడ్ లీన్ స్వయంగా పాలుపంచుకున్నారు. అలాంటిది చేర్చడం న్యాయం. ‘అపోకలిప్స్ నౌ’ (1979) సంగతి అలా కాదు. దర్శకుడు కొప్పోలా 2001లో 49 నిమిషాలు కలిపారు, 2019లో మళ్లీ కొంత తగ్గించారు. మూడూ ఆయనవే. వాటిని కలిపి నాలుగోది తయారు చేయడానికి మనకు హక్కు లేదు. ఎడిటింగ్ బల్ల మీదే ఆగిపోయిన సన్నివేశాలను వేరే ఫైలుగా ఉంచండి, సినిమా అయ్యాక చూడవచ్చు.

క్యాసెట్ కిటికీలోంచి తెల్లటి మరకలు కనిపిస్తున్నాయి

అది బూజు. కాలువ గట్టు ఇళ్లలో, వానాకాలం తేమలో, బీరువాలో దాచిన క్యాసెట్‌కు కూడా పడుతుంది. ఆత్రంగా ప్లేయర్‌లో పెట్టకండి. నేను ఒకసారి అలా పెట్టి, తర్వాత వేసిన మూడు మంచి క్యాసెట్లకు కూడా బూజు అంటించాను. బియ్యం డబ్బాలో పెట్టమని మన వైపు చెబుతారు, ఆ పని వద్దు. తవుడు పొడి టేపు మీదకు చేరుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని రోజులు ఉంచండి, ఎండలో మాత్రం పెట్టకండి. తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట, నూలు పోగులు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి మెల్లగా తుడవండి. ఇందుకోసం ఒక పాత ప్లేయర్ విడిగా ఉంచుకోవడం మంచిది.

మాట పెదవులకు కుదరడం లేదు

తేడా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే ధ్వనిని ఆ మేరకు జరిపితే చాలు. పోనుపోను పెరుగుతుంటే ఫ్రేముల వేగం వేరన్నమాట. బ్లూరే చిత్రాలు చాలావరకు సెకనుకు 23.976 ఫ్రేములవి. 25 ఫ్రేముల ముక్కను, బొమ్మను, ధ్వనిని కలిపి, 1.0427 రెట్లు సాగదీయాలి. 24 అనుకుని లెక్క వేస్తే గంటకు 3.6 సెకన్లు తప్పుతుంది.

చేర్చిన చోట బొమ్మ చదరంగా మారింది

టీవీ కోసం అంచులు కోసిన బొమ్మ అది. సాగదీయకండి, సైనికులు లావుగా కనిపిస్తారు. రెండు పక్కలా నల్ల పట్టీలు వదిలేయండి. అతుకు కనిపించడమే నిజాయితీ అని నా నమ్మకం.

ముక్కలో మాటలే లేవు

‘లారెన్స్’ విషయంలో కూడా కొన్ని చోట్ల ధ్వని పోయింది. అందులో నటించిన పీటర్ ఓటూల్, అలెక్ గిన్నెస్ ఏళ్ల తర్వాత తమ మాటలు మళ్లీ చెప్పారు. అప్పటికే మరణించిన మరో నటుడు జాక్ హాకిన్స్‌కు చార్లెస్ గ్రే గొంతు ఇచ్చారు. మనకు ఆ వీలు లేదు. యంత్రంతో గొంతు పుట్టించడం నాకు ఇష్టం లేదు. సంభాషణ ఖాయంగా తెలిస్తే తెలుగు సబ్‌టైటిల్ వేయండి, తెలియకపోతే మౌనంగా వదిలేయండి.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి

సబ్‌టైటిల్ ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలు పట్టే పద్ధతి) భద్రపరచండి. అప్పటికీ రాకపోతే టీవీలో తెలుగు ఫాంటు లేదు, సబ్‌టైటిల్‌ను బొమ్మ మీదే ముద్రించాలి. ముక్క చేర్చిన తర్వాతి సబ్‌టైటిల్ వరుసలన్నీ దాని నిడివి మేరకు ఆలస్యంగా వచ్చేలా జరపాలి. ముక్కలు ఒకటికి మించి ఉంటే సినిమా చివరి నుంచి మొదటికి చేర్చుకుంటూ రండి. అప్పుడు ఇంకా చేర్చాల్సిన చోట్ల సమయాలు మారవు.