స్కూల్ ఫ్రెండ్స్‌తో రాక్ బ్యాండ్ పెడుతున్నారా?

ముందు డ్రమ్మర్‌ని పట్టుకోండి, గిటార్ వాయించేవాళ్లు ఎలాగూ దొరుకుతారు. 1976లో డబ్లిన్‌లో 14 ఏళ్ల లారీ ముల్లెన్ స్కూల్ నోటీసు బోర్డులో బ్యాండ్‌కి మనుషులు కావాలని కాగితం అంటించబట్టే యూ2 అనే రాక్ బ్యాండ్ మొదలైంది, అతనూ డ్రమ్మరే.

ప్రాక్టీసుకి వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. రేడియోహెడ్ బ్యాండ్ వాళ్లు స్కూల్లో శుక్రవారాలు కలిసేవారు, అందుకే వాళ్ల మొదటి పేరు 'ఆన్ ఎ ఫ్రైడే'.

కలిశాక అందరూ ఒకేసారి మొదలెట్టొద్దు. ముందు డ్రమ్స్, బేస్ గిటార్ ఇద్దరే మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ లయ చూపేది) పెట్టుకుని, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) దెబ్బా బేస్ నోటూ కలిసి పడేదాకా నెమ్మదిగా వాయించాలి, ఆ తర్వాతే గిటార్లు. పాడేవాళ్ల గొంతు వినబడట్లేదంటే గిటార్ ఆంప్ (గిటార్ స్పీకర్) సౌండ్ తగ్గించండి, మైక్ పెంచుకుంటూ పోతే కీచుమంటుంది. ఫోన్‌లో రికార్డ్ చేసి కలిసి వినండి, తప్పు ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

సొంత పాట చేస్తే మాత్రం, గొడవలు ఎక్కువగా అక్కడే కాబట్టి, ఏ ముక్క ఎవరిదో అదే రోజు రాసిపెట్టుకోండి.