రూములో వండుకునే పిల్లలకి కర్రీ పాయింట్ పిన్ని చెప్పేది

భీమవరంలో కాలేజీ పిల్లలు అద్దెకుండే వీధిలో నాది కర్రీ పాయింట్. రాత్రి ఏడు దాటాక ఎవరే ప్యాకెట్ అడుగుతున్నారో చూస్తే ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది. రొయ్యల చెరువులున్న ఆసామి కొడుకు చికెన్ తీసుకెళ్తాడు. అలాంటి చెరువుల మీద కూలికెళ్లేవాళ్ల అబ్బాయి సాంబారు ఒక్కటే అడిగి, "కొంచెం ఎక్కువ పొయ్యండి పిన్నీ" అంటాడు. అన్నం రూములోనే, ఇంటి నుంచి తెచ్చుకున్న కోటా బియ్యంతో. నెలాఖరుకి ఆ సాంబారూ ఉండదు, ఆవకాయే.

డబ్బున్నవాళ్లూ సరిగ్గా తినరు లెండి, బిర్యానీ మీద పడ్డవాడు ఆకుకూర ముట్టడు. కానీ సెలవులకి ఇంటికెళ్తే వాడికి అన్నీ పెడతారు. రెండోవాడికి ఇంట్లోనూ ఆ అన్నమే. అందుకే ఇదంతా రెండోవాడి కోసం.

డబ్బు చేతిలో పడగానే ముందు పప్పు, గుడ్లు, వేరుశనగ గుళ్లు కొనేయండి. రీఛార్జ్, టిఫిన్లు తర్వాత. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల కుర్రాడికి 50 గ్రాములు. 300 గ్రాముల బియ్యంలో ఇరవై పైచిలుకు వస్తుంది. మిగతాది గుప్పెడు పప్పు, రెండు గుడ్లతో దాదాపు సరిపోతుంది. గుడ్లు అట్ట లెక్కన ముగ్గురు కలిసి కొనుక్కోండి, విడిగా కొనేదానికన్నా తక్కువ పడతాయి. దాళ్వా (రెండో పంట) వరి కోశాక మీ ఊళ్లో పెసలు వేస్తే, బియ్యం మూటతో పాటు అవీ కట్టించుకోండి.

ఇక వంట. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, పసుపు, ఉప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు. సన్నగా తరిగిన తోటకూర కలిపేయండి. కడిగిన గుడ్లు పైనుండే చిల్లుల గిన్నెలో పెడితే ఆవిరికే ఉడుకుతాయి. దించాక నిమ్మకాయ పిండండి, దానివల్ల ఆకుకూరలో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ సరిగ్గా పట్టదు. ఆడపిల్లలు ఈ మాట మరీ గుర్తుపెట్టుకోండమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత అని తేలింది.

కోటా బియ్యంలో అక్కడక్కడా తేడాగా కనిపించే గింజల్ని "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేస్తున్నారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. ఏరకండి. నాలుగైదుసార్లు కడగకండి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోండి.

ఎండు మెత్తళ్లు ముళ్లతో సహా తింటే కాల్షియం కూడా వస్తుంది. కానీ వాసనకి ఓనరు గొడవ చేస్తాడు. కొందరైతే గుడ్డు కూడా వండనివ్వరు, మీ కులమేంటని అడిగి మరీ రూమిస్తారు. అడ్వాన్స్ ఇచ్చే ముందే వంట సంగతి తేల్చుకోండి.

లంక ఊళ్ల నుంచి మొదటి బస్సుకి వచ్చేవాళ్లు ఖాళీ కడుపుతో బయల్దేరకండి. చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ చాలు, జేబులో గుప్పెడు వేరుశనగ గుళ్లు. డబ్బు మరీ కటకటగా ఉంటే అన్న క్యాంటీన్‌లో టిఫినూ 5 రూపాయలే, భోజనమూ 5 రూపాయలే. క్లాసువాళ్లు చూస్తారని టెన్షన్ పడి కొందరు మధ్యాహ్నం పస్తులుంటున్నారు. ఆ లైన్లో ఆటోవాళ్లు, మేస్త్రీలు, ఆసుపత్రికొచ్చినవాళ్లు అందరూ ఉంటారు, మిమ్మల్నెవరూ పట్టించుకోరు.

ఉమ్మడిగా వండుకునే రూముల్లో ఇంకో తగువుంటుంది. ఒకడు ఊరి నుంచి బియ్యం తెస్తాడు, మిగతావాళ్లు కూరల ఖర్చు సమానంగా పంచుకుని వాడి దగ్గరా వంతు వసూలు చేస్తారు. బియ్యానికి బజారు ధర కట్టి, కూరల ఖర్చుతో కలిపి అందరికీ సమానంగా పంచండి, వాడి వంతులో ఆ బియ్యం ధర తీసేయండి.