జీపీఎస్ వాచీ తప్పు అంకెలు చూపుతోందా? సమస్య, కారణం, పరిష్కారం

జీపీఎస్ వాచీ తెర మీద పదుల కొద్దీ అంకెలు కనిపిస్తాయి గానీ, అది ప్రధానంగా కొలిచేవి నాలుగే: చర్మం నుంచి తిరిగివచ్చే వెలుతురు, ఉపగ్రహాలు పంపే రేడియో సంకేతాలు, చేతి కదలిక, కొన్ని మోడళ్లలో గాలి పీడనం. పేస్ (ఒక కిలోమీటరుకు పట్టే సమయం), కేలరీలు, హార్ట్ రేట్ జోన్లు (శ్రమను బట్టి గుండె వేగాన్ని విడగొట్టిన అంచెలు), వీవోటూ మ్యాక్స్ (శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ అంచనా), కోలుకోవడానికి పట్టే గంటలు వంటివన్నీ ఆ కొలతలకు మనం నమోదు చేసిన వయసు, బరువు, గరిష్ఠ హార్ట్ రేట్‌ను జోడించి వాచీ వేసే లెక్కలు. అందువల్ల ఏ అంకె అనుమానంగా కనిపించినా ముందుగా తేల్చుకోవలసింది, తప్పు కొలతలో ఉందా, లెక్కలో ఉందా అన్నది. కొలత తప్పయితే పట్టీని, చర్మాన్ని, తల మీది ఆకాశాన్ని చూడాలి. లెక్క తప్పయితే సెట్టింగులను చూడాలి. ఈ విచారణ లేకుండా నేరుగా ఫ్యాక్టరీ రీసెట్‌కు దిగడం వల్ల సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు. పైగా మనం మార్చుకున్న సెట్టింగులన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవలసి వస్తుంది.

సమస్య: నెమ్మదిగా పరుగెత్తుతున్నా హార్ట్ రేట్ 170కి పైగా చూపుతోంది

కారణం: వాచీ వెనుక ఉన్న ఆకుపచ్చ లైట్లు చర్మంలోకి వెలుతురు పంపుతాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తనాళాల్లో రక్తం పెరిగి, ఆ వెలుతురును ఎక్కువగా పీల్చుకుంటుంది. తిరిగివచ్చే వెలుతురులోని ఈ హెచ్చుతగ్గులను లెక్కించి సెన్సర్ హార్ట్ రేట్ చెబుతుంది. అయితే పరుగులో ప్రతి అడుగుకూ వాచీ కూడా కదులుతుంది, ఆ కదలిక కూడా వెలుతురులో హెచ్చుతగ్గులు తెస్తుంది. చాలామంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు; ఈ లెక్కనే కేడెన్స్ అంటారు. పట్టీ వదులుగా ఉన్నా, చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకున్నా, రక్తపు సంకేతం బలహీనపడి వాచీ అడుగుల లయనే గుండె లయగా పొరబడుతుంది. పరుగరులు దీన్ని కేడెన్స్ లాక్ అంటారు.

దీన్ని గుర్తించడం కష్టం కాదు. పరుగు ముగిశాక హార్ట్ రేట్ గ్రాఫును, కేడెన్స్ గ్రాఫును ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. హార్ట్ రేట్ మొదటి నిమిషాల్లోనే 130 నుంచి 172కి ఎగిరి, ఎత్తుపల్లాలతో సంబంధం లేకుండా కేడెన్స్ గీతను అంటిపెట్టుకుని సాగితే అది గుండె వేగం కాదు. పరుగు మధ్యలోనే అనుమానం వస్తే ఆగి, మెడ పక్కన నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. ఆగిన వెంటనే గుండె నెమ్మదిస్తుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

పరిష్కారం: వాచీని మణికట్టు ఎముక మీద కాకుండా దానికి రెండు వేళ్ల పైన, మోచేతి వైపుగా పెట్టుకోవాలి. పరుగుకు ముందు పట్టీని మామూలు కన్నా ఒక రంధ్రం బిగించాలి. చేయి ఊపినా వాచీ జారకూడదు, అలాగని వేళ్లు తిమ్మిరెక్కకూడదు. సెన్సర్ అద్దం మీది చెమట మరకలను, సన్‌స్క్రీన్ జిడ్డును తుడవాలి. చలిగా ఉన్నప్పుడు పది నిమిషాల వార్మప్ చేశాకే అసలు సాధన మొదలుపెట్టాలి. మణికట్టు మీద ముదురు రంగు టాటూ ఉంటే సిరా వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి వాచీని మరో చేతికి మార్చాలి.

ఇన్ని చేసినా అంకె తగ్గక, నాడి కూడా అంతే వేగంగా ఉంటే వాచీ నిజమే చెబుతోందని ఒప్పుకోవాలి. ఎండ, నీటి కొరత, నిద్రలేమి, లోపల ఉన్న జ్వరం గుండె వేగాన్ని పెంచుతాయి. సుదీర్ఘ పరుగులో పేస్ మారకపోయినా హార్ట్ రేట్ మెల్లగా పెరుగుతూ పోవడం శరీరం వేడెక్కి నీరు కోల్పోవడం వల్ల జరిగేదే. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా వేగం అసాధారణంగా ఉన్నా, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరందకపోవడం తోడైనా అది వాచీ సమస్య కాదు; సాధన ఆపి వైద్యుణ్ణి కలవాలి.

సమస్య: ఇంటర్వెల్స్‌లో (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరుగెత్తే సాధనలో), బరువులు ఎత్తేటప్పుడు హార్ట్ రేట్ తక్కువగా చూపుతోంది

మణికట్టు సెన్సర్ కదలిక వల్ల వచ్చే తప్పులను వడగట్టడానికి కొన్ని సెకన్ల సంకేతాన్ని కలిపి చూస్తుంది. అందుచేత 30 సెకన్ల వేగపు పరుగులో గుండె వేగం పైకి వెళ్లి దిగడం మొదలయ్యాక గాని వాచీ దాన్ని అందుకోలేదు. బరువులు ఎత్తేటప్పుడు పిడికిలి బిగించడం, మణికట్టు వంచడం వల్ల కండరాలు బిగుసుకుని సంకేతమే చెడిపోతుంది. సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడూ ఇంతే. దీనికి సెట్టింగుల్లో మందు లేదు. ఇంటర్వెల్స్ ప్రధానంగా సాధన చేసేవారు ఛాతీకి కట్టుకునే చెస్ట్ స్ట్రాప్ గాని, మోచేతి పైన లేదా కింద కండ మీద కట్టుకునే ఆప్టికల్ బ్యాండ్ గాని తీసుకుని వాచీకి జత చేయడమే సరైన దారి. నా అభిప్రాయంలో వాచీని కొత్త మోడల్‌కు మార్చడం కన్నా ఈ ఖర్చుకే ఎక్కువ ఫలితం ఉంటుంది.

సమస్య: చెస్ట్ స్ట్రాప్ కట్టుకున్నా మొదటి నిమిషాల్లో అంకెలు ఎగిరిపడుతున్నాయి

కారణం: చెస్ట్ స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటుంది. అందుకు చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య తడి ఉండాలి. పొడి చర్మం మీద, ముఖ్యంగా పొడి గాలిలో సింథటిక్ చొక్కా ఛాతీకి రాసుకుంటే పుట్టే స్థిర విద్యుత్తు వల్ల, 200 దాటిన అంకెలు కూడా కనిపించవచ్చు. చెమట పట్టగానే సర్దుకుంటే కారణం ఇదేనని నిర్ధారించుకోవచ్చు.

పరిష్కారం: కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లను నీటితో గాని, ఎలక్ట్రోడ్ జెల్‌తో గాని తడపాలి. వాడాక పట్టీని మంచినీటితో కడిగి, పైనున్న మాడ్యూల్‌ను విప్పి ఆరబెట్టాలి. తడి పట్టీకి మాడ్యూల్ తగిలించి ఉంచితే అది ఇంకా ఒంటి మీదే ఉన్నానని భ్రమపడి బ్యాటరీ ఖర్చు చేస్తూనే ఉంటుంది. సంకేతం తెగిపోతూ ఉంటే చాలా మోడళ్లలో ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీని మార్చి చూడాలి. స్ట్రాప్ వాచీకి అసలు దొరకకపోతే ఫోన్‌లోని ఏదో ఒక యాప్ దాన్ని ముందే పట్టుకుని ఉండవచ్చు. కొన్ని పాత స్ట్రాప్‌లు బ్లూటూత్‌లో ఒక్క పరికరంతోనే మాట్లాడతాయి, యాంట్ ప్లస్ అనే మరో వైర్‌లెస్ పద్ధతిలో మాత్రం ఎన్నింటికైనా వినిపిస్తాయి. ఈతలో ఈ రెండూ పనిచేయవు, ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు నీటిలో కొద్ది దూరం కూడా పోలేవు. అక్కడ కొలతలను తనలోనే దాచుకుని ఒడ్డుకు వచ్చాక వాచీకి పంపే స్ట్రాప్ కావాలి.

సమస్య: జీపీఎస్ దొరకడానికి చాలాసేపు పడుతోంది, మొదటి కిలోమీటరు దారి పక్కకు పోతోంది

కారణం: సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ప్రతి జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకు ఒకసారి ప్రసారం చేస్తుంది. ఆ వివరాలు కొద్ది గంటలే పనికివస్తాయి. వాటిని ఆకాశం నుంచి నేరుగా వింటూ కూర్చోకుండా, రాబోయే రోజుల కక్ష్యల అంచనా ఫైలును వాచీ ఫోన్ ద్వారా దించుకుంటుంది. చాలా రోజులుగా సింక్ చేయకపోతే (ఫోన్‌తో కలపకపోతే) ఆ ఫైలు పనికిరాదు; విమానంలో దూర ప్రాంతానికి వెళ్లి దిగితే వాచీ గుర్తుంచుకున్న పాత స్థానం పనికిరాదు.

పరిష్కారం: పరుగుకు ముందురోజు ఫోన్‌తో ఒకసారి సింక్ చేయాలి. ఆరుబయటకు వచ్చి కదలకుండా నిలబడి, సిద్ధమని చూపాక కూడా మరో నిమిషం ఆగి మొదలుపెట్టాలి. నాలుగు ఉపగ్రహాలతో స్థానం తేలుతుంది గానీ ఎక్కువ దొరికే కొద్దీ అది కుదురుకుంటుంది.

ఎత్తైన భవనాల మధ్య, దట్టమైన చెట్ల కింద గీత వంకరలు పోవడానికి కారణం వేరు. అక్కడ సంకేతం గోడలకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. రేడియో తరంగం కాంతి వేగంతో వస్తుంది కాబట్టి సెకనులో కోటో వంతు ఆలస్యమైనా దూరంలో 30 మీటర్ల తేడా పడుతుంది. వాచీలో మల్టీబ్యాండ్ సౌకర్యం ఉంటే 1575.42 మెగాహెర్ట్జ్‌తో పాటు 1176.45 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని కూడా వింటుంది. ఈ రెండోది ప్రతిబింబించిన సంకేతాన్ని వేరుచేయడానికి బాగా అనువైనది. అలాంటి దారుల్లో మల్టీబ్యాండ్‌ను ఆన్ చేసి, రికార్డింగ్‌ను ప్రతి సెకనుకూ పెట్టాలి. బ్యాటరీ త్వరగా తగ్గుతుంది, అది భరించక తప్పదు. బ్యాటరీ ఆదా మోడ్‌లో పరుగెత్తి దూరం తగ్గిందని బాధపడేవారు ముందు ఆ మోడ్ తీసేయాలి.

సమస్య: మారథాన్ పరుగెత్తితే వాచీ 42.195 కిలోమీటర్ల కన్నా ఎక్కువ చూపింది

ఇది చాలావరకు లోపం కాదు. ధ్రువీకరించిన మార్గాన్ని పరుగరికి సాధ్యమయ్యే అతి దగ్గరి దారిలో, మలుపుల దగ్గర అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. మార్గం ఎట్టి పరిస్థితిలోనూ తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కూడా కలుపుతారు. గుంపును తప్పించుకుంటూ, నీళ్ల బల్లల వైపు తిరుగుతూ పరుగెత్తినవారు ఆ గీత మీద ఉండరు. అందుకే ఆటో ల్యాప్ (ప్రతి కిలోమీటరుకూ వాచీ తనంతట తానే విడి లెక్క తీసే సౌకర్యం) తీసేసి, కిలోమీటరు బోర్డు దగ్గర బటన్ నొక్కి ల్యాప్ తీసుకోవాలి. వాచీ చూపే సగటు పేస్‌ను నమ్మి లక్ష్య సమయానికి సరిగ్గా సరిపోయేలా పరుగెత్తితే చివర్లో కొన్ని పదుల సెకన్లు తప్పిపోతాయి. క్షణక్షణం మారే పేస్ బదులు తెర మీద ల్యాప్ పేస్ పెట్టుకోవడం మేలు.

400 మీటర్ల ట్రాక్ మీద వంపుల్లో జీపీఎస్ దారిని కోసేస్తుంది. ట్రాక్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకుని లేన్ సంఖ్య సరిగా చెప్పాలి. ఒక్కో లేన్ బయటికి జరిగినప్పుడు చుట్టు దూరం ఏడున్నర మీటర్లకు కొంచెం పైగా పెరుగుతుంది. ట్రెడ్‌మిల్ మీద దూరం చేతి ఊపు నుంచి వేసిన అంచనా మాత్రమే, కాబట్టి కడ్డీ పట్టుకుని పరుగెత్తకూడదు. ముగిశాక కాలిబ్రేట్ చేయాలి, అంటే అసలు దూరాన్ని వాచీకి చెప్పి లెక్క సరిచేయాలి.

సమస్య: బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినా ఎత్తు వేరుగా ఉంది

గాలి పీడనంతో ఎత్తు కొలిచే వాచీకి వాతావరణ మార్పు కూడా కొండలాగే కనిపిస్తుంది. సముద్రమట్టం దగ్గర పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే దాదాపు ఎనిమిది మీటర్లు ఎక్కినట్టు లెక్క. తెలిసిన ఎత్తు దగ్గర కాలిబ్రేట్ చేసి బయలుదేరాలి. వాతావరణం మారకుండానే ఎత్తు ఎగిరిపడుతుంటే పీడనం కొలిచే చిన్న రంధ్రంలో చెమట ఉప్పు పేరుకుని ఉండవచ్చు. గోరువెచ్చని నీటిలో నానబెట్టి కడగాలి, సూది మాత్రం పెట్టకూడదు.

సమస్య: ప్రతి పరుగూ ఐదో జోన్‌లోనే ఉంటోంది, లేదా వీవోటూ మ్యాక్స్ అకారణంగా పడిపోయింది

ఇక్కడ కొలత సరిగా ఉండి లెక్క తప్పడమే ఎక్కువ. సెట్టింగుల్లో ఎవరూ మార్చకపోతే చాలా వాచీలు గరిష్ఠ హార్ట్ రేట్‌ను 220 నుంచి వయసు తీసేసి నిర్ణయిస్తాయి. అది జనాభా సగటుకు సంబంధించిన సూత్రం. వ్యక్తికీ వ్యక్తికీ 10, 12 బీట్ల తేడా సర్వసాధారణం, అంతకు మించీ ఉండవచ్చు. 40 ఏళ్ల వ్యక్తికి వాచీ 180 అనుకుంటుంది, నిజానికి ఆ వ్యక్తి గరిష్ఠం 194 కావచ్చు. అప్పుడు మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగం కూడా వాచీకి కఠిన శ్రమగా కనిపిస్తుంది.

ఇంకో మార్గంలోనూ ఇదే చెడుతుంది, దీన్ని గమనించేవారు తక్కువ. గరిష్ఠాన్ని తానే కనిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉన్న వాచీకి కేడెన్స్ లాక్‌లోనో, పొడి స్ట్రాప్ వల్లనో ఒక దొంగ 205 దొరికితే, అది దాన్నే కొత్త గరిష్ఠంగా రాసుకోవచ్చు. అప్పుడు జోన్లన్నీ పైకి జరుగుతాయి, నిజంగా కష్టపడిన పరుగు కూడా తేలికగా నమోదవుతుంది. కొలతలో తప్పు ఒక రోజుతో పోతుంది, లెక్కలోకి చేరితే నెలల తరబడి ఉంటుంది.

పరిష్కారం: మణికట్టు సెన్సర్‌తోనే పరుగెత్తేవారు ఆ ఆప్షన్ తీసేయాలి. ఆరోగ్యంగా ఉండి, సాధనలో అలవాటు పడినవారు చెస్ట్ స్ట్రాప్‌తో, మంచి వార్మప్ తరువాత 30 నిమిషాలు ఒంటరిగా పూర్తి శక్తితో ఒకే వేగాన పరుగెత్తి, చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్‌ను థ్రెషోల్డ్‌గా (చాలాసేపు నిలబెట్టుకోగల కఠిన శ్రమకు హద్దుగా) తీసుకుని, జోన్లను దాని శాతాలకు మార్చుకోవచ్చు. గుండె జబ్బు ఉన్నవారు, చాలాకాలం తరువాత వ్యాయామం మొదలుపెట్టినవారు వైద్యుని సలహా లేకుండా ఈ పరీక్షకు దిగకూడదు. జోన్లు మార్చాక ఫోన్ యాప్‌లోనూ చూడాలి. వేర్వేరు యాప్‌లు తమ జోన్లను తామే ఉంచుకుంటాయి. వీవోటూ మ్యాక్స్ ఎండాకాలంలో, కొండ దారుల్లో తగ్గినట్టు కనిపించడం సహజం, ఎందుకంటే అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

మిగిలిన చిన్న సమస్యలు

ఛార్జింగ్ ఎక్కకపోతే ముందు లోహపు బిందువుల మీది చెమట ఉప్పును మెత్తని బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. పట్టీ కింద దద్దురు వస్తే చాలాసార్లు సబ్బు, చెమట చిక్కుకోవడమే కారణం. చేతిని, పట్టీని కడిగి ఆరబెట్టాలి, సాధన తరువాత పట్టీ వదులు చేయాలి. పాత వాచీ తేదీని దాదాపు 20 ఏళ్లు వెనక్కి చూపితే అది పాడైనట్టు కాదు. జీపీఎస్ వారాల లెక్క 1024 దగ్గర సున్నాకు తిరుగుతుంది, చివరిసారి 2019 ఏప్రిల్ 6న అలా జరిగింది. ఫర్మ్‌వేర్ (వాచీ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే సరిపోతుంది. సింక్ కాకపోతే ఫోన్‌లో యాప్‌కు బ్యాటరీ నియంత్రణ తీసేసి, రెండు పరికరాల్లోనూ పాత జతను తొలగించి మళ్లీ కలపాలి. చాలా మోడళ్లలో కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి పరుగు ఫైలును నేరుగా తీసుకోవచ్చు.

సెన్సర్ అద్దం లోపలి వైపు ఆవిరి కనిపిస్తే మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు. వాచీని ఆపేసి, ఛార్జర్‌కు పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాలి.