మసి మచ్చ చదవడం – పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ తయారీ, 5వ పాఠం

పోయిన పాఠం చేసినవాళ్లలో చాలామందికి, బ్యారెల్ కూర్చోడానికి రైఫిల్ కట్టెలో తీసిన గాడి వదులైపోయింది. బ్యారెల్ అడుగుదాకా దిగింది కానీ రెండు పక్కలా సన్నని చీకటి గీత కనిపిస్తోంది. ఇందులో నా తప్పుంది. బ్యారెల్‌కి మసి పూసి గాడిలోకి దింపితే తగిలిన చోట కట్టెకు నలుపు అంటుతుంది, దాన్ని చూసి చెక్కుతూ కుదుర్చుకోవడం మన పద్ధతి. దాని గురించి "మసి అంటిన చోట చెక్కండి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. మీరు అక్షరాలా అదే చేశారు, అంటిన ప్రతిచోటా చెక్కారు. ఈసారి మొదలుపెట్టాల్సిన లాక్ (మందును అంటించే యంత్రం) అమరిక అందుకే ఆగుతోంది. లాక్ ఎక్కడ కూర్చోవాలో చెప్పేది బ్యారెల్ వెనుక కొస. ఆ కొస కదులుతుంటే తర్వాత తీసుకునే కొలతలన్నీ తప్పుతాయి.

ఉలి నూరడం, కట్టెను బల్లకు బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. నేరుగా మసి దగ్గరికి వస్తాను.

నలుపంతా ఒకటి కాదు. బ్యారెల్ నిజంగా కట్టె మీద ఆనిన చోట మచ్చ ముదురుగా, కాస్త మెరుస్తూ, అంచులు తెగినట్టు ఉంటుంది. వేలితో తడిమితే నార అణిగి నున్నగా తగులుతుంది. చెక్కాల్సింది అదొక్కటే. బ్యారెల్‌ని వాల్చి దింపితే పక్కగోడలకు రాసుకుపోయి బూడిదరంగు చారలు పడతాయి. అవి ఆనిన గుర్తులు కావు. మీ గాడులు వెడల్పయింది ఆ చారల్ని గీకడం వల్లే. బ్యారెల్‌ని రెండు చేతులతో నిట్టనిలువుగా దింపండి, అలాగే పైకెత్తండి. చార పడితే గుడ్డతో తుడిచేసి మళ్లీ దింపండి, ఉలి ముట్టుకోకండి.

మసి మందంగా పూస్తే మరీ ప్రమాదం. బ్యారెల్ కట్టెకు తగలకపోయినా మసి తగులుతుంది. పూశాక కూడా ఇనుము రంగు లోపల్నించి కనిపిస్తుండాలి. దీపం మసిలో ఒక చుక్క నూనె కలిపితే చాలు. ప్రతిసారీ కొత్తగా పూయక్కర్లేదు, ఉన్నదాన్నే వేలితో సర్దుతూ నాలుగైదుసార్లు దింపవచ్చు.

నాకు బాగా బాధ కలిగించేది ఇంకొకటి. గాడి పూర్తికాకముందే కొందరు కట్టె ముందు భాగాన్ని సన్నగా చెక్కేశారు. తయారైన రైఫిల్ ఫొటో చూసి ఆ సొగసు కోసం తొందరపడటం నాకు అర్థమవుతుంది. కానీ 44 అంగుళాల బ్యారెల్ కింద సన్నటి మేపుల్ కట్టె వెదురు బద్దలా వంగుతుంది. మధ్యలో అరచేత్తో నొక్కితే చాలు, కట్టె వంగి అసలు తగలని చోట కూడా నలుపు అంటుతుంది. మీరు దాన్ని చెక్కుతారు. చెయ్యి తీయగానే కట్టె మళ్లీ నిటారవుతుంది, అక్కడ సందు మిగులుతుంది. ఇంకోచోట నొక్కుతారు, ఇంకో సందు. ఇలా చెక్కినకొద్దీ గాడి పాడవుతూనే ఉంటుంది. గాడి పూర్తయ్యేదాకా కట్టె నలుచదరంగా, బరువుగా ఉండాలి, దాని అడుగు మొత్తం బల్లకు ఆనుకుని ఉండాలి. కొయ్యసుత్తితో బ్యారెల్‌ని గట్టిగా కొట్టడం కూడా ఇలాంటిదే. దెబ్బకు నార అణిగి అన్నిచోట్లా మచ్చలు పడతాయి.

మన బ్యారెల్ ఎనిమిది పలకలది. వెనుక లావుగా ఉండి, మధ్యలో సన్నబడి, మూతి దగ్గర మళ్లీ కొంచెం విచ్చుకుంటుంది. అందుకే గాడి వెడల్పు ఎక్కడా ఒకేలా ఉండదు. ముందు అడుగు పలకనూ, దాని పక్కనున్న రెండు ఏటవాలు పలకలనూ కుదుర్చుకోండి. పక్కగోడల్ని చివరికి వదిలేయండి. నేనైతే ఉలిని సగంలోనే పక్కనపెట్టి స్క్రేపర్ (కట్టెను పల్చగా గీకే ఉక్కు రేకు) పడతాను. అలల నార ఉన్న మేపుల్‌లో ఉలి ఎదురు నారలో దిగితే పెచ్చు లేస్తుంది, స్క్రేపర్‌తో ఆ భయం తక్కువ. గరుకు కాగితం మాత్రం వద్దు, అది పై అంచుల్ని గుండ్రంగా అరగదీస్తుంది.

వెనుక కొస దగ్గర నేను పట్టు సడలించను. పేల్చినప్పుడు వెనక్కి వచ్చే తోపు అక్కడి కట్టె మీదే పడుతుంది. బ్యారెల్ వెనుక ముఖం కట్టెకు నిండుగా ఆనాలి. బ్యారెల్ వెనుకనుంచి సాగే ఇనుప పట్టీని తోక అంటాం, దాని చివర మాత్రం ఒక కాగితం మందం ఖాళీ వదలండి. అక్కడ బిగుసుకుంటే తోక వెనుక కట్టె చీలుతుంది.

ఇప్పటికే వదులైన గాడుల సంగతి. సందు కాగితం మందం లోపు ఉండి, వెనుక కొస గట్టిగా ఆనుతుంటే అలాగే వదిలేయండి. అంతకు మించితే అదే దుంగ నుంచి తీసిన పల్చటి పొరను, నార దిశ కలిపి, గోడకు జిగురుతో అతికించి మళ్లీ మసితో కుదుర్చుకోండి. ఎపాక్సీ (గట్టిపడే రసాయన జిగురు) పోసి నింపేవాళ్లు ఉన్నారు, గట్టిగానే ఉంటుంది. నాకు మనసొప్పదు.

సాధన: అడుగు పొడవున్న మేపుల్ తుంట తీసుకుని బ్యారెల్ వెనుక ఆరు అంగుళాలకు గాడి తీయండి. కనీసం 40 సార్లు దింపి తీయాలి. ప్రతిసారీ ఎక్కడ చెక్కారో, ఎక్కడ చెక్కకుండా వదిలారో, ఎందుకు వదిలారో పుస్తకంలో రాయండి. తర్వాత తుంటను తిరగేసి రెండోవైపు మొదటినుంచి మళ్లీ తీయండి. రెండో గాడిలో అడుగు పలక పొడవునా మసి సమంగా అంటితే, అప్పుడు అసలు కట్టె దగ్గరికి వెళ్లండి.