ఊరి తగాదాను గ్రామసభలో తేల్చుకోవడం ఎలా?

ప్రజాస్వామ్యం సమాజానికి నిలకడ తెస్తుందా అని అడిగితే, మా వరంగల్ వైపు పల్లెల్లో పెద్దవాళ్లు చాలామంది ‘ఓట్లు వచ్చినంకనే ఊరు రెండైంది’ అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులు లేకపోయినా, పోలింగు ముగిసి నెల గడిచినా ఒకరి గడప ఒకరు తొక్కని అన్నదమ్ములు నాకు తెలుసు. అయితే తగాదా బయటికి కనిపించకపోవడాన్నే నిలకడ అనుకోవడం పొరపాటు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో 1978కి ముందు కూడా పంచాయతీలు ఉండేవి, ఊళ్లు చూడటానికి నెమ్మదిగానే ఉండేవి. కాని ఆ నెమ్మది గడీ భయం, అంటే కోటలాంటి ఇంట్లో ఉండే దొర భయం వల్ల వచ్చింది. వెట్టి గురించి, కూలి గురించి అడగడానికి పంచాయతీలో చోటు దొరకని జనం రైతుకూలీ సంఘాల్లో చేరారు; ఆ ఏడాది సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర అనే పెద్ద ఊరేగింపు జరిగింది, అక్టోబరులో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఊళ్లో అలా అడగడానికి నేడు చట్టం ఇచ్చిన చోటు గ్రామసభ. ఉద్యోగ విరమణ తర్వాత సభల్లో కూర్చుంటూ నేర్చుకున్నంతలో, దాన్ని ఎలా వాడుకోవాలో రాస్తున్నాను.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే కనుక ఎవరో పిలిస్తేనే పోవాలన్నది లేదు. ముందుగా పంచాయతీ కార్యదర్శిని కలిసి తేదీని, ఎజెండాను అడగండి. మీ అంశాన్ని కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సభ వేళ విషయంలో మాత్రం పట్టుబట్టాలి. పత్తి ఏరే రోజుల్లో పొద్దున పదకొండింటికి సభ పెడితే కూలికి పోయే ఆడవాళ్లు ఒక్కరూ రారు, పంచాయతీ అరుగు మీద రోజూ కూర్చునే పదిమందే సభ అవుతారు. మా ఊళ్లో సాయంత్రం ఆరున్నరకు మార్చిన నాడే, ఎత్తు మీది ఇళ్లకు నల్లా నీళ్లు ఎక్కడం లేదన్న సంగతి మొదటిసారి సభలో వినపడింది. దండోరా బస్టాండు దగ్గరే ఆగిపోకుండా దళితవాడకు, శివారు ఇళ్లకు కూడా వెళ్లిందో లేదో మీరే కనుక్కోవాలి.

అసలు జాగ్రత్త తీర్మానాల రిజిస్టరు దగ్గర పడాలి. మనుషులు రాగానే కారోబారు (పంచాయతీలో రాతకోతలు చూసే మనిషి) ఒక ఖాళీ పేజీ తెరిచి సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడం, పైభాగాన్ని ఆ తర్వాత తీరికగా నింపడం చాలాచోట్ల ఉన్న అలవాటే. నేనూ ఒకసారి అలా సంతకం చేసి ఇంటికి వచ్చాను. మా వాడకు రావలసిన మోరీ (మురుగు కాలువ) పని పక్క వాడకు మారినట్టు ఆ సంతకం మీదనే తీర్మానం తయారైంది. అడగబోతే ‘మీరు కూడా ఉన్నరు కదా సారూ’ అన్నారు. అప్పటి నుంచి హాజరు పేజీ పైన తేదీ, ‘హాజరు కొరకు మాత్రమే’ అన్న మాట రాయించి, చివరి సంతకం కింద అడ్డగీత కొట్టిస్తున్నాను. తీర్మానాన్ని సభలోనే రాయించి, గొంతెత్తి చదివించి, చివరి వాక్యానికి ఆనించి సంతకాలు పెట్టించాలి. ఆ పేజీని ఇద్దరు ముగ్గురు ఫోన్లలో ఫొటో తీసుకుంటే తరువాత దిద్దడానికి ఎవరూ సాహసించరు.

బాట ఎవరి హద్దులో నుంచి పోవాలి, చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే భూమిలో) ఎవరు దున్నుతున్నారు వంటి అంశాలు వచ్చినప్పుడు గొంతులు లేస్తాయి, లేవనివ్వండి. ఇరువైపులా మాట్లాడనిచ్చి, చేతులెత్తించి లెక్కపెట్టి, ఎంతమంది ఒప్పుకున్నారో, ఎంతమంది కాదన్నారో రాయించాలి. కాదన్నవారి పేర్లు, వారు చెప్పిన కారణం ఒక్క వాక్యంలోనైనా తీర్మానంలో చేరేలా చూడటం నా లెక్కన అన్నిటికంటే ముఖ్యమైన పని. ఓడినవాడి మాట రాతలో ఉంటే, వచ్చే సభలో దాన్ని మళ్లీ ఎత్తడానికి అతనికి ఆధారం ఉంటుంది, కోర్టుకో కొట్లాటకో పోవలసిన తొందర తగ్గుతుంది. గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో వేర్వేరు పనులకు వేర్వేరు కమిటీలు వేసుకున్న పద్ధతి కూడా ఇందుకే పనికొస్తుంది: ఒకచోట మాట నెగ్గనివాడికి మరొకచోట కుర్చీ ఉంటుంది.

సర్పంచి ఎన్నికలో పోటీ లేకుండా ఏకగ్రీవం చేద్దామన్న మాట వచ్చినప్పుడు మరింత నిదానంగా ఉండాలి. పోటీదారులు నిజంగా కూర్చొని మాట్లాడుకొని, ఒకరు సర్పంచిగా, మరొకరు ఉపసర్పంచిగా ఒప్పుకుంటే మంచిదే. చెక్కుల మీద ఇద్దరి సంతకం ఉండాలని 2018 చట్టం చెప్పింది కనుక ఆ పంపకానికి అర్థం కూడా ఉంటుంది. కాని గుడి కడతానని, బొడ్రాయి పండుగ ఖర్చు పెట్టుకుంటానని పదవికి పాట పాడితే, అది చట్టవిరుద్ధమైన వేలం. పాట సొమ్ము పెట్టినవాడు దాన్ని ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడో ఊరందరికీ తెలిసినా, ‘ఏకగ్రీవం కదా’ అని అడిగే నోరు మూసుకుపోతుంది.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు మరో చిక్కు, ఊళ్లోవాళ్లు పంచాయతీతో సంబంధం లేకుండా వేసుకునే గ్రామాభివృద్ధి కమిటీలతో ఉంది. కొన్నిచోట్ల అవి మంచి పనులూ చేశాయి. అయితే ఎవరూ ఓటు వేయని కమిటీ జరిమానా వేసి, కట్టని కుటుంబంతో మాట్లాడితే ఇంత దండుగ అని చాటింపు వేయించడం ఏ చట్టానికీ లోబడిన పని కాదు. అలాంటప్పుడు రాత్రివేళ కమిటీ ముందుకు ఒంటరిగా పోకండి. జరిమానా కాగితాన్ని, చాటింపు ఆడియోను భద్రపరచుకొని పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే, ఇతర కులాలవారు చేసిన సాంఘిక బహిష్కారం 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమవుతుంది.

ఎన్నికలే లేకపోతే గొడవలు ఉండవనేవారికి ఇటీవలి అనుభవం చాలు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా మన పంచాయతీలు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. ట్రాక్టర్ డీజిలుకు కూడా కార్యదర్శులు తడుముకున్నారు. ఒక్కో అధికారికి రెండు మూడు ఊళ్లుంటే వీధి దీపం గురించి ఎవరిని అడగాలో జనానికి తెలియలేదు.

సభ ముగిసిన వారం లోపల తీర్మానం నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద కార్యదర్శికే దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, గడువు 30 రోజులు. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేటులో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఆ రిజిస్టరు పేజీ ఫొటోను, దరఖాస్తు రసీదును తీసుకొని వెళ్లండి. మళ్లీ సభ కూడినప్పుడు కొత్త అంశం ఎత్తకముందే పాత తీర్మానాలను వరుసగా చదివించి, ఏది జరిగింది, ఏది జరగలేదు అని ఒక్కొక్క దాని పక్కన రాయించండి.