మొదటి బేస్ గిటార్ తయారీ: దోషం వినిపించే చోటు, పుట్టిన చోటు

సొంతంగా బేస్ గిటార్ తయారు చేసేవారికి చిక్కులు దాదాపు ఎప్పుడూ చివరి రోజునే, తీగలు బిగించిన తరువాతనే బయటపడతాయి. వాటి కారణాలు మాత్రం చాలావరకు కర్ర కొన్న రోజునో, కర్ర మీద మొదటి గీత గీసిన రోజునో పుట్టినవై ఉంటాయి. అందుకే ఇక్కడ ప్రతి లక్షణాన్నీ పట్టుకుని, అది మొదలైన రోజు దాకా వెనక్కి వెళ్లాను. ఇంకా పని మొదలుపెట్టనివారికి ఈ వరుస మరింత ఉపయోగపడుతుంది. కొలతలన్నీ 34 అంగుళాల, అంటే 863.6 మిల్లీమీటర్ల స్కేలు (తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి, బాడీ మీద తీగలను పట్టే బ్రిడ్జ్ దాకా మోగే పొడవు) గల నాలుగు తీగల వాద్యానికి చెందినవి. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ కొలత అదే. తీగలూ విడిభాగాలూ ఎక్కువగా దీనికి సరిపోయేవే దొరుకుతాయి కనుక మొదటి వాద్యానికి ఇంతకన్నా క్షేమమైన కొలత లేదు.

వట్టి తీగ శ్రుతిలో ఉంది, ఫ్రెట్ నొక్కితే తప్పుతోంది

ముందుగా తప్పు ఎక్కడ ఉందో విడదీయాలి. 12వ ఫ్రెట్‌కు (వేళ్లు నడిచే పొడవాటి నెక్ మీద అడ్డంగా దిగిన లోహపు కమ్మీకి) సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే ఒక స్వరం వస్తుంది. అదే ఫ్రెట్‌ను నొక్కి మీటితే మరొకటి వస్తుంది. ఫోనులోని ట్యూనర్‌లో ఈ రెండూ ఒకటే చూపించాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగ ఆనే, జరిగే ముక్కను) నట్‌కు దూరంగా, తగ్గుగా ఉంటే దగ్గరగా జరపాలి. లావు తీగ బిరుసుగా ఉంటుంది, పైగా నొక్కినప్పుడు సాగుతుంది, అందువల్ల దానికి అసలు స్కేలు కన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు అవసరం.

శాడిల్‌ను చివరిదాకా వెనక్కి లాగినా స్వరం ఇంకా హెచ్చుగానే ఉంటే బ్రిడ్జ్‌నే తప్పు చోట బిగించారని అర్థం. పాత రంధ్రాలలో గట్టి కర్రతో చేసిన గుండ్రటి చీలలను జిగురుతో దింపి, ఒక రోజు ఆరనిచ్చి, కొత్త రంధ్రాలు వేసుకోవడమే దీనికి పరిష్కారం. ఇంకా రంధ్రాలు వేయనివారు సన్నతీగ శాడిల్‌ను దాదాపు పూర్తిగా ముందుకు తెచ్చి, దాని శిఖరం నట్ నుంచి 863.6 మిల్లీమీటర్ల గీత మీద పడేలా బ్రిడ్జ్‌ను నిలపాలి. అప్పుడు నాలుగు శాడిళ్లకూ వెనక్కి జరగడానికి చోటు మిగులుతుంది.

మొదటి మూడు ఫ్రెట్లలో మాత్రమే స్వరం హెచ్చుగా ఉంటే తప్పు నట్‌ది. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. అక్కడ వెంట్రుకంత సందే ఉండాలి. ఎక్కువ కనిపిస్తే నట్ గాడిని సన్నటి ఆకురాయితో కొద్దికొద్దిగా లోతు చేయాలి.

పై ఫ్రెట్లకు వెళ్లేకొద్దీ తప్పు పెరుగుతూ పోవడం అన్నిటికన్నా బాధాకరమైనది, ఎందుకంటే అప్పుడు దోషం ఫ్రెట్లు దిగే గాళ్లలోనే ఉంటుంది. ఒక ఫ్రెట్ నుంచి తరువాతి ఫ్రెట్‌కు కొలబద్ద ఆనించి కొలుస్తూ పోతే, ప్రతిసారీ పడే పావు మిల్లీమీటరు తేడా ఇరవై ఫ్రెట్లలో కూడుకుంటూ పోయి చెవికి తెలిసేంత అవుతుంది. కొలతలన్నీ నట్ నుంచే తీయాలి: మొదటి ఫ్రెట్ 48.47, అయిదవది 216.63, ఏడవది 287.22, 12వది 431.8, 20వది 591.58 మిల్లీమీటర్లు. మిగిలినవి కట్టుకోవడానికి, బ్రిడ్జ్ దాకా మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తే ఆ ఫ్రెట్ నుంచి తరువాతి ఫ్రెట్‌కు దూరం వస్తుంది. ఆ లెక్క కాగితం మీద పూర్తయ్యాకే, మొత్తం కూడిన దూరాలతో కర్ర మీద గీతలు పెట్టాలి. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు దాకా ఉంటుంది కనుక గీతలు పదునైన కత్తి మొనతో గీయాలి. ఆ గీతలో రంపం పళ్లు తమంతట తామే కూర్చుంటాయి. గాడి ఇప్పటికే తప్పి ఉంటే అదే కర్ర సన్నపట్టీని జిగురుతో నింపి, ఆరాక మళ్లీ కోయవచ్చు. అలాంటివి మూడు దాటితే కొత్త ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు దిగే పలక) చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

వానాకాలంలో చేసిన నెక్ వేసవికి మెలితిరిగింది

నా మొదటి నెక్‌కు జరిగింది ఇదే. ఆగస్టులో ఒక డిపోలో టేకు పలక కొని, మల్కాజిగిరిలోని మా డాబా మీది గదిలో రెండు వారాల్లో చెక్కేశాను. ఏప్రిల్ ఎండలకు అది పక్కకు మెలితిరిగింది. మా వీధిలో పనిచేసే వడ్రంగి మేస్త్రి దాన్ని కంటికి ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకు చూసి, "బాబూ, కర్ర పచ్చిగా ఉండంగనే చిత్రిక పట్టినవ్" అన్నాడు. నాలుగు తీగలు కలిసి 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటే, లోపల ఇంకా ఆరుతున్న కర్ర నిటారుగా నిలవదు.

ముందుకు వంగిన నెక్‌ను ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే, బిగించగల ఉక్కు కడ్డీ) సరిచేయగలదు; మెలిని మాత్రం సరిచేయలేదు. కొద్దిపాటి మెలి అయితే ఫ్రెట్లు తీసి, ఫ్రెట్‌బోర్డ్‌ను మళ్లీ చదును చేసి సర్దుకోవచ్చు. ఎక్కువైతే ఆ నెక్‌ను పక్కన పెట్టవలసిందే.

రెండోసారి పలకను నెక్ కొలత కన్నా కొంచెం పెద్దదిగా కోయించి, వంటింటి తూకం మీద ప్రతి ఆదివారం తూచి, బరువును పలక మీదే పెన్సిల్‌తో రాస్తూ వచ్చాను. మొదటి వారం 1,240 గ్రాములున్నది తొమ్మిదో వారానికి 1,130 దగ్గర ఆగింది. వరుసగా మూడు వారాలు అంకె కదలకపోయాకే ఉలి ముట్టుకున్నాను. ఆ నెక్ ఇప్పటికీ నిటారుగా ఉంది. పలక కొనేటప్పుడు కొసవైపు తిప్పి చూడండి: ఏటి వలయాల గీతలు పలక వెడల్పుకు అడ్డంగా, నిలువుగా నిలబడినట్లు ఉంటే అది తక్కువగా కదులుతుంది. అలాంటిది దొరకకపోతే మూడు పట్టీలను అతికించి, నడిమి పట్టీ రేఖలను ఎదురుదిశకు తిప్పడం మంచి ఉపాయం. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక జిగురు పూసే ముందు అతికే ముఖాలను అసిటోన్‌తో తుడవాలి. లేకపోతే ఆ అతుకు తరువాత విడిపోతుంది.

తీగ ఫ్రెట్లకు తగిలి జరజరమంటోంది

తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు, తిప్పాక ఒక రాత్రి ఆగి చూడాలి. ఆ తరువాత కూడా ఒకే చోట మోత వస్తుంటే అక్కడ ఒక ఫ్రెట్ ఎత్తుగా ఉందన్నమాట. మూడు ఫ్రెట్లను మాత్రమే తాకే చిన్న ఉక్కు పట్టీని ఆనిస్తే, ఎత్తు ఫ్రెట్ మీద అది టకటకా ఊగుతుంది. ముందు ఆ ఫ్రెట్ పూర్తిగా గాడిలో దిగిందో లేదో చూసి కొయ్య సుత్తితో దింపి, అప్పుడే ఆకురాయి వాడండి.

తీగ అంచు నుంచి జారుతోంది, తల కిందికి వాలుతోంది

తీగ ఒక అంచుకు దగ్గరగా నడుస్తుంటే నెక్‌కూ బాడీకీ మధ్యరేఖ కలవలేదు. నట్ రెండు కొసల నుంచి బ్రిడ్జ్ దాకా దారం లాగి చూస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. నెక్ మరలు వదులు చేసి జరిపితే చాలాసార్లు సరిపోతుంది. తల వాలడానికి కారణం బాడీ పై కొమ్ము పొట్టిగా ఉండడం. అది 12వ ఫ్రెట్ దాకా రావాలి. కోసేసిన బాడీకి మాత్రం తీగలు బిగించే తేలికపాటి ట్యూనర్లూ, జారని వెడల్పు భుజం పట్టీయే దిక్కు.

ఆంప్లిఫయర్‌లో హోరు

మన కరెంటు 50 హెర్ట్జ్. లావు తీగ మూడో ఫ్రెట్ స్వరం 49. అందువల్ల బేస్‌లో ఈ హోరు స్వరంలాగే వినిపించి మోసం చేస్తుంది. తీగలను తాకండి. హోరు తగ్గితే ఎర్త్ తీగ పనిచేస్తోంది, పికప్ (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) గుంటల లోపల రాగి రేకు అతికించి దాన్ని ఎర్త్‌కు కలిపితే చాలు. తీగలు తాకితే మారకుండా జాక్ (కేబుల్ గుచ్చే చోటు) లోహం తాకితే తగ్గితే, బ్రిడ్జ్ కింది ఎర్త్ తీగ తెగింది, లేదా కింద పెయింట్ అడ్డుపడుతోంది. పెయింట్ గీకి, మల్టీమీటర్‌తో బ్రిడ్జ్‌కూ జాక్ తొడుగుకూ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు ఉన్నాయని చూసుకోండి. తాకగానే పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. పాట్‌లు (ధ్వనిని హెచ్చించే, తగ్గించే నాబ్‌ల కింది భాగాలు), కెపాసిటర్లు, జాక్‌లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి కనుక అనుమానం ఉన్న భాగాన్ని మార్చి చూడడం పెద్ద ఖర్చు కాదు.

తీగలు తాకినప్పుడు వేళ్లకు చిమచిమ అనిపిస్తే మాత్రం దాన్ని గిటార్ లోపంగా భావించి వెతుకుతూ కూర్చోవద్దు. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా ఎర్త్ తీగ లేకపోవడం ఉంది. వెంటనే ఆంప్లిఫయర్ ప్లగ్ తీసివేసి, ఎలక్ట్రీషియన్ ఎర్త్ పరీక్షించి చెప్పేవరకు దాన్ని మళ్లీ పెట్టకండి.